గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు ఉన్నట్టుండి గోల పెడుతుంటే, విప్పే ముందు ఏం చూడాలి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: విజయవాడలో ఉంటారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆర్‌టీఎక్స్ 3080, మూడు ఫ్యాన్ల కార్డు. ఊరికే డెస్క్‌టాప్ మీద ఉన్నప్పుడు కూడా ఫ్యాన్లు అర నిమిషానికోసారి తిరుగుతాయి, ఆగుతాయి. తిరగడం మొదలైనప్పుడల్లా గరగరమని చప్పుడు. గేమ్ పెడితే టెంపరేచర్ 68 డిగ్రీలే చూపిస్తున్నా ఫ్యాన్లు పూర్తి వేగానికి వెళ్లిపోతున్నాయి. డ్రైవర్ మార్చారు, దుమ్ము దులిపారు, తగ్గలేదు. షాపులో ఒకరు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) మార్చమన్నారు, ఇంకొకరు కార్డే పోయిందన్నారు. ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి కార్డు పోయినట్టు లేదండీ. ఎస్‌ఎంపీఎస్‌ని అనుమానించడానికి కూడా నాకు కారణం కనిపించడం లేదు, ఎందుకో కింద చెబుతాను. నాకు అర్థమైనంతవరకు మీ కార్డులో మూడు వేర్వేరు సమస్యలు కలిసి ఉన్నాయి. డెస్క్‌టాప్ మీద తిరుగుతూ ఆగుతూ ఉండటం ఒకటి, గరగర రెండోది, గేమ్‌లో పూర్తి వేగానికి వెళ్లడం మూడోది. మూడింటికీ కారణాలు వేరు, మందులూ వేరు. వీటన్నిటినీ ‘ఫ్యాన్ ప్రాబ్లం’ అని ఒకే గాటన కట్టేయడం వల్లే ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి చెబుతున్నారు.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక పని చేయండి. కార్డు లోపలి అంకెలు చూపించే ప్రోగ్రాములు హెచ్‌డబ్ల్యూఇన్ఫో గానీ జీపీయూ-జెడ్ గానీ పెట్టుకోండి, రెండూ ఉచితమే. సెన్సర్ల పేజీ తెరిచి మూడు అంకెల్ని పక్కపక్కన చూడండి: టెంపరేచర్ ఎంత ఉంది, ఫ్యాన్‌ని కార్డు ఎంత శాతం వేగంతో తిరగమంటోంది, ఫ్యాన్ నిజంగా ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరుగుతోంది. శాతం అనేది కార్డు ఇచ్చే ఆర్డరు. ఆర్‌పీఎం అనేది ఫ్యాన్ పంపే జవాబు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని ఒకదాన్నే చూస్తారు. అక్కడే దారి తప్పుతారు.

టెంపరేచర్ ఎగిరిపడుతూ, దాని వెంటే శాతం కూడా ఎగిరిపడుతుంటే ఫ్యాన్ తప్పేమీ లేదు. వేడి ఎందుకు పుడుతోందో, ఎందుకు బయటికి పోవడం లేదో చూసుకోవాలి. టెంపరేచర్ నిలకడగా ఉండి శాతం మాత్రం గంతులేస్తుంటే, అయితే సాఫ్ట్‌వేర్ గొడవ, లేదంటే మీరు చూడని ఇంకో టెంపరేచర్ ఏదో పెరుగుతోంది. టెంపరేచరూ శాతమూ రెండూ నిలకడగా ఉండి, ఆర్‌పీఎం ఒక్కటే 900, 1400, 0, 2200 అంటూ ఊగుతుంటే అప్పుడు నిజంగా ఫ్యాన్‌నే పట్టుకోవాలి. బేరింగో, వైరో, కనెక్టరో ఏదో ఒకటి దెబ్బతింది.

తెర ముందు కూర్చుని అంకెలు చూస్తుంటే సరిగ్గా చప్పుడు వచ్చే క్షణం చేజారిపోతుంది. అందుకని జీపీయూ-జెడ్ సెన్సర్ల పేజీలో కింద ఉన్న ‘లాగ్ టు ఫైల్’ దగ్గర టిక్ పెట్టి, మీ మానాన మీరు పని చేసుకోండి. కాసేపు డెస్క్‌టాప్, కాసేపు గేమ్. తర్వాత ఆ ఫైలుని ఎక్సెల్‌లో తెరిస్తే ముందు ఏది కదిలిందో వరసగా కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. మూడు ఫ్యాన్లున్న కార్డుల్లో చాలావాటికి కంట్రోల్ చానళ్లు రెండే ఉంటాయి. రెండు ఫ్యాన్లు ఒక చానల్ మీద నడుస్తాయి, వాటిలో ఒకదాని వేగాన్ని మాత్రమే కార్డు చదువుతుంది. అంటే మూడో ఫ్యాన్ పూర్తిగా ఆగిపోయినా తెర మీద అంకెలన్నీ బాగానే కనిపించవచ్చు. కాబట్టి సైడ్ ప్యానెల్ తీసి, టార్చ్ వేసి, మూడూ తిరుగుతున్నాయో లేదో కళ్లతో చూడాల్సిందే. దీనికి రివర్స్ కూడా జరుగుతుంది. ఫ్యాన్ శుభ్రంగా తిరుగుతూనే ఉంటుంది, తెర మీద మాత్రం సున్నా చూపిస్తుంది. ఈ ఫ్యాన్లకి సాధారణంగా నాలుగు వైర్లుంటాయి: 12 వోల్టులు, గ్రౌండ్, వేగాన్ని ఆదేశించే పీడబ్ల్యూఎం, వేగాన్ని తిరిగి చెప్పే ట్యాక్. ట్యాక్ వైరు ఒక్కో చుట్టుకీ రెండు పల్సులు పంపుతుంది. అదొక్కటి కనెక్టర్ దగ్గర వదులైతే ఫ్యాన్ ఆగిపోయిందని కార్డు భయపడుతుంది.

ఇక మీ మొదటి సమస్య, డెస్క్‌టాప్ మీద తిరుగుతూ ఆగుతూ ఉండటం. ఈ కాలపు కార్డులన్నిటిలోనూ దాదాపుగా ‘ఫ్యాన్ స్టాప్’ ఉంటుంది, కొందరు ‘జీరో ఆర్‌పీఎం’ అంటారు. చిప్ చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోతాయి. కార్డుని బట్టి 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఏదో ఒక గీత పెట్టి ఉంటారు, అది దాటగానే తిరగడం మొదలవుతుంది. ఈ గీత చల్లటి గదిలో బాగా పనిచేస్తుంది. మన దగ్గర మే నెలలో ఏసీ లేని గదిలో 36, 37 డిగ్రీలు ఉండటం మామూలే. గది ఒక డిగ్రీ వేడెక్కితే కార్డూ ఇంచుమించు ఒక డిగ్రీ వేడెక్కుతుంది. చలికాలంలో ఫ్యాన్ లేకుండానే 42 దగ్గర ఉండే కార్డు ఎండాకాలంలో సరిగ్గా ఆ గీత దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. గీత దాటుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, నాలుగు డిగ్రీలు తగ్గుతుంది, ఫ్యాన్ ఆగుతుంది, మళ్లీ మొదలు. మీరు చెప్పిన అర నిమిషం లెక్క దీనికి సరిగ్గా సరిపోతుంది.

ఊరికే ఉన్న కార్డు అంత వేడెక్కడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. మీకు రెండు మానిటర్లు ఉన్నాయా? ఒకటి 144 హెర్ట్జ్, ఇంకోటి 60 హెర్ట్జ్ అయితే చాలా కార్డుల్లో మెమరీ క్లాక్, అంటే కార్డు మెమరీ పనిచేసే వేగం, కిందికి దిగదు, ఏ పనీ లేకపోయినా పూర్తి వేగంలోనే ఉండిపోతుంది. జీపీయూ-జెడ్‌లో మెమరీ క్లాక్ చూడండి. డెస్క్‌టాప్ మీద ఉండగా కూడా గేమ్‌లో ఉన్నంత చూపిస్తే సంగతి ఇదే. 144ని 120కి తగ్గించి చూడండి, చాలాసార్లు అంతటితో మెమరీ నిద్రపోతుంది, ఫ్యాన్లూ నిద్రపోతాయి. బ్రౌజర్‌లో వీడియో, కదిలే వాల్‌పేపర్, గేమ్ లాంచర్ల ఓవర్‌లే లాంటివి కూడా ఇదే పని చేస్తాయి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఏ ప్రోగ్రామూ తెరవకుండానే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం 80, 90 శాతం ఉండి, టాస్క్ మేనేజర్ తెరవగానే టక్కున పడిపోతుంటే అది మీ సిస్టమ్‌లో దొంగచాటుగా నడుస్తున్న మైనర్, అంటే మీ కార్డుతో వేరేవాళ్లకి క్రిప్టో కరెన్సీ సంపాదించిపెట్టే ప్రోగ్రామ్, కావచ్చు. టాస్క్ మేనేజర్ తెరుచుకోవడాన్ని పసిగట్టి ఆగిపోయేలా కొన్నిటిని రాస్తారు. క్రాక్ చేసిన గేములతో పాటు వచ్చే బహుమతుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. జీపీయూ-జెడ్ లాగ్ ముందే నడుస్తూ ఉంటే దాని ఆట బయటపడుతుంది. అలాంటిదేదైనా కనిపిస్తే ఫ్యాన్ల సంగతి పక్కన పెట్టి, ముందు వేరే ఫోన్ నుంచో సిస్టమ్ నుంచో పాస్‌వర్డులు మార్చుకుని, విండోస్‌ని కొత్తగా వేసుకోండి.

మామూలు తిరుగుడు-ఆగుడుకి మందు సులువు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్ ఏ కంపెనీ కార్డుకైనా పనిచేస్తుంది. సెట్టింగ్స్‌లో ఫ్యాన్ ట్యాబ్‌కి వెళ్లి సొంత ఫ్యాన్ కర్వ్ (ఎంత వేడికి ఎంత వేగం అని చెప్పే గీత) ఆన్ చేయండి. 60 డిగ్రీల వరకు 30 శాతం దగ్గర గీతని అడ్డంగా పడుకోబెట్టండి, అక్కడి నుంచి 75 దగ్గరికి వచ్చేసరికి 65 శాతానికి నెమ్మదిగా ఎక్కించండి. అదే పేజీలో టెంపరేచర్ హిస్టరీసిస్ అని ఒక అంకె ఉంటుంది, దాన్ని 4 లేదా 5 చేయండి. అంటే వేడి ఎక్కినప్పుడు వెంటనే వేగం పెంచుతుంది గానీ, దిగేటప్పుడు ఐదు డిగ్రీలు దిగాకే తగ్గిస్తుంది. ఊగిసలాట అక్కడితో పోతుంది. 30 శాతం దగ్గర ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి కదా అంటారేమో. బేరింగ్ బాగున్న కార్డులో ఆ చప్పుడు సీలింగ్ ఫ్యాన్ కింద వినబడనే వినబడదు. అరిగిన ఫ్యాన్‌కి కూడా అస్తమానం ఆగి మళ్లీ లేవడం కంటే నెమ్మదిగా తిరుగుతూ ఉండటమే మేలు. ఏఎమ్‌డీ కార్డు ఉన్నవాళ్లకి ఆ కంపెనీ సొంత ప్రోగ్రామ్ అడ్రినలిన్‌లోనే ఫ్యాన్ ట్యూనింగ్ కింద జీరో ఆర్‌పీఎం ఆపుకునే స్విచ్ ఉంది, వేరే ప్రోగ్రామ్ అక్కర్లేదు.

అయితే ఫ్యాన్ల మీద పెత్తనం ఒక్క ప్రోగ్రామ్‌కే ఉండాలి. కార్డు కంపెనీ ఇచ్చిన ఆర్‌జీబీ లైట్ల ప్రోగ్రామ్ ఒకటి, ఆఫ్టర్‌బర్నర్ ఒకటి, ఫ్యాన్‌కంట్రోల్ ఒకటి, మూడూ కలిసి నడుస్తుంటే ఒకటి 35 అంటే ఇంకోటి 60 అంటుంది. టెంపరేచర్ కదలకుండా శాతం గంతులేయడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. ఒకటి ఉంచి మిగతావి పూర్తిగా తీసేసి రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం సరిపోదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ తర్వాత కూడా పాత డ్రైవర్ స్థితి అలాగే లేచి వస్తుంది, రీస్టార్ట్‌లో అలా జరగదు.

సిస్టమ్ ఆన్ చేయగానే ఒకటి రెండు సెకన్లు ఫ్యాన్లు బుస్సుమని లేచి సర్దుకోవడం మాత్రం రోగం కాదు. డ్రైవర్ ఇంకా లోడ్ కాకముందు కార్డు తన ఫ్యాన్లని తాను పరీక్షించుకోవడం అది.

రెండోది, గరగర. మీ విషయంలో అసలు మరమ్మతు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ముందు అది ఫ్యాన్ చప్పుడేనా అని తేల్చుకోవాలి. సన్నగా, ఈలలా, కీచుమని వస్తూ, గేమ్‌లో మెనూ దగ్గర ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) వందల్లోకి వెళ్లినప్పుడు పెరిగి, ఎఫ్‌పీఎస్‌ని 60కి కట్టేయగానే తగ్గిపోతే అది కాయిల్ వైన్. కార్డు మీది చోక్ కాయిల్స్ కరెంటుకి కంపించడం వల్ల వస్తుంది. ఫ్యాన్ మార్చినా పోదు, ప్రమాదమూ లేదు. మీరు రాసింది గరగర కాబట్టి అది కాదు, అయినా ఒకసారి చూసి పక్కన పెట్టేయండి.

ఇప్పుడు ఆఫ్టర్‌బర్నర్‌లో ఆటో తీసేసి ఫ్యాన్ వేగాన్ని చేత్తో 30 దగ్గర పెట్టండి. అయిదేసి శాతం పెంచుకుంటూ ఒక్కో మెట్టు దగ్గర కాసేపు ఆగి వినండి. ఏదో ఒక వేగం దగ్గర మాత్రమే వచ్చి, అంతకు పైనా కిందా పోతుంటే అది బేరింగ్ కంటే కంపనం కావడానికే ఎక్కువ అవకాశం. ప్లాస్టిక్ కవర్ వదులు కావడమో, కార్డు బరువుకి కిందికి వంగి కవర్ అంచు రెక్కకి దగ్గర కావడమో జరిగి ఉంటుంది. 3080 లాంటి మూడు ఫ్యాన్ల కార్డు కిలో పైన బరువు ఉంటుంది, సపోర్ట్ లేకపోతే వంగుతుంది. చివరి కొసని వేలితో కొంచెం పైకి ఎత్తి పట్టుకుని వినండి. చప్పుడు ఆగిపోతే ఒక జీపీయూ స్టాండ్ కొనుక్కుంటే సరి. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే కేబుల్ ఏదైనా రెక్కకి తగులుతోందేమో కూడా అప్పుడే చూడండి. తక్కువ వేగంలో టకటక, ఎక్కువ వేగంలో మోత, అన్ని వేగాల్లోనూ ఏదో ఒకటి ఉంటే బేరింగే.

మూడు ఫ్యాన్లలో ఏది అని పట్టుకోవడానికి పాత కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక చివర చెవి దగ్గర, ఇంకో చివర ఫ్యాన్ మధ్య బిళ్లకి కొంచెం దూరంలో పెట్టి ఒక్కోదాన్నీ వినండి. తేడా స్పష్టంగా తెలుస్తుంది. రెక్కల్ని వేలితో ఆపి చూడమని చాలాచోట్ల రాస్తారు, 2000 ఆర్‌పీఎం దగ్గర ఆ పని వద్దు, రెక్క విరిగితే ఇక అది ఎప్పటికీ బ్యాలెన్స్‌లో తిరగదు.

ఇంకో పరీక్ష ఉంది, నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. సిస్టమ్ ఆఫ్ చేసి, క్యాబినెట్‌ని మెల్లిగా పక్కకి పడుకోబెట్టి, మళ్లీ ఆన్ చేయండి. మామూలు టవర్ క్యాబినెట్‌లో కార్డు అడ్డంగా ఉంటుంది, ఫ్యాన్లు నేలవైపు చూస్తుంటాయి. అంటే రెక్కలున్న భాగం తన బరువుతో కిందికి వేలాడుతూ తిరుగుతుంది, దాన్ని పట్టి ఉంచేది మోటార్‌లోని అయస్కాంతం లాగుడూ, ఇరుసు చివరి చిన్న వాషరూ. స్లీవ్ బేరింగ్ (ఇరుసు తిరిగే నూనె గొట్టం) అరిగి, లోపలి నూనె ఎండిపోతే ఆ భాగం పైకీ కిందికీ కొట్టుకుంటుంది, టకటక, గరగర అదే. క్యాబినెట్ పడుకోబెడితే కార్డు నిటారుగా నిలబడుతుంది, బరువు ఇంకో దిక్కుకి మారుతుంది, చప్పుడు మారిపోతుంది లేదా మాయమవుతుంది. అలా మారిందంటే బేరింగ్ అరిగిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మీ కార్డు సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి ఒక నేపథ్యం చెప్పాలి. 3080 మార్కెట్‌లోకి వచ్చింది 2020 సెప్టెంబర్‌లో. అప్పటి నుంచి 2022 సెప్టెంబర్ 15న ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ పద్ధతి వదిలేసేదాకా ఇలాంటి కార్డులకి మైనింగ్‌లో విపరీతమైన గిరాకీ ఉండేది. ఆ తర్వాత అవన్నీ ఒక్కసారిగా సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కి వచ్చాయి. మైనింగ్ చేసిన కార్డంటే చాలామంది భయపడతారు, నేనైతే చిప్ గురించి అంత భయపడను. సరైన వేడిలో నడిపితే చిప్‌కి ఏమీ కాదు. అరిగేది ఫ్యాన్లు, ఎండిపోయేది థర్మల్ ప్యాడ్లు, అంటే మెమరీ వేడిని హీట్‌సింక్‌కి (వేడిని లాగే లోహపు రేకులకి) చేర్చే మెత్తటి పలకలు. రోజుకి ఇరవై నాలుగు గంటలూ 70, 80 శాతం వేగంతో నెలల తరబడి తిరిగిన ఫ్యాన్ ఇక్కడికొచ్చేసరికి మీరు చెప్పిన లక్షణాలే చూపిస్తుంది. మీ కార్డు మైనింగ్ చేసిందో లేదో నేను చెప్పలేను, కానీ గరగర, గేమ్‌లో పూర్తి వేగం, ఈ రెండూ కలిసి రావడం ఆ దారినే చూపిస్తోంది.

అరిగిన ఫ్యాన్ ఇంకో చిత్రమైన పని చేస్తుంది. ఆగి ఉన్న ఫ్యాన్‌ని లేపడానికి తిరుగుతున్న ఫ్యాన్‌ని నడపడం కంటే ఎక్కువ బలం కావాలి. కార్డు 30 శాతం అని ఆర్డర్ వేస్తుంది, బిగుసుకుపోయిన ఫ్యాన్ లేవదు. ట్యాక్ వైరు మీద పల్సులు రాకపోయేసరికి కొన్ని కార్డులు ఒక్కసారిగా గట్టిగా తోస్తాయి. ఫ్యాన్ బుర్రున లేస్తుంది, కార్డు మళ్లీ తగ్గిస్తుంది, ఫ్యాన్ మళ్లీ ఆగుతుంది. బయట నుంచి వినేవాళ్లకి ఫ్యాన్‌కి పిచ్చి పట్టినట్టు ఉంటుంది. లాగ్‌లో మాత్రం శాతం 30 దగ్గరే ఉండి ఆర్‌పీఎం సున్నా, 2000, సున్నా అని కనిపిస్తుంది.

నూనె వేస్తే తగ్గుతుందా అని తప్పకుండా అడుగుతారు. కొన్ని ఫ్యాన్లకి వేయొచ్చు. మధ్య స్టిక్కర్ కింద రబ్బరు మూత ఉంటే, లేదా రెక్కల భాగం ఊడి వస్తే, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసి, చేత్తో తిప్పి, బయటికి వచ్చింది తుడిచేయండి. కొబ్బరినూనె వేయకండి, చలికాలంలో గడ్డకడుతుంది, తర్వాత జిగురవుతుంది. డబ్ల్యూడీ-40 కూడా వద్దు, అది ఉన్న నూనెని కూడా కడిగేసి తాను ఆవిరైపోతుంది. ఏం వేసినా అరిగిన ఇరుసు మందం తిరిగి రాదు. కొత్త ఫ్యాన్ వచ్చేదాకా గడవడానికే నూనె. బాల్ బేరింగ్ ఫ్యాన్ అయితే ఆ మాత్రం ఉపయోగం కూడా ఉండదు.

కొత్త ఫ్యాన్లు వేయడం మీరనుకునేంత కష్టం కాదు. ఫ్యాన్ మధ్యలోనో, వెనకవైపో స్టిక్కర్ మీద మోడల్ నంబర్, 12 వోల్టులు, ఇన్ని ఆంపియర్లు అని ఉంటుంది. ఆ నంబర్‌తో వెతికితే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే సీటీసీలో అడగొచ్చు. ఫొటో చూపించి ‘3080 ఫ్యాన్’ అంటే సరిపోదు, ఒకే కంపెనీ 3080ని రెండు మూడు రకాల కూలర్లతో అమ్మి ఉండొచ్చు. రెక్కల వ్యాసం, స్క్రూ రంధ్రాల మధ్య దూరం, కనెక్టర్ పిన్నుల సంఖ్య, ఆంపియర్లు, ఇవి నాలుగూ కలవాలి. కొన్ని కార్డుల్లో మధ్య ఫ్యాన్ పక్క ఫ్యాన్లకి ఎదురు దిశలో తిరుగుతుంది, అది కూడా చూసుకోండి. ఒక్క ఫ్యానే చప్పుడు చేస్తున్నా మూడూ సెట్‌గా మార్చేయడం మంచిది, మిగతా రెండూ అన్నే గంటలు తిరిగాయి.

విప్పే ముందు వారంటీ చూడండి. కార్డు వెనకాల సీరియల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో చూస్తే తెలుస్తుంది. కొన్ని కంపెనీలకి సీరియల్ చాలు, కొన్ని బిల్లు అడుగుతాయి. అమ్మినాయన దగ్గర బిల్లు ఉంటే తీసుకోండి. వారంటీ ఉంటే స్క్రూ మీద సీల్ చింపకుండా అక్కడికే పంపండి, ఫ్యాన్ పాడవడం వారంటీలోకి వచ్చే విషయమే.

మూడోది, 68 డిగ్రీల దగ్గర ఫ్యాన్లు పూర్తి వేగానికి వెళ్లడం. మీరు చూస్తున్న 68 చిప్ సగటు టెంపరేచర్ మాత్రమే. ఇంకో రెండు అంకెలున్నాయి: హాట్‌స్పాట్, మెమరీ జంక్షన్. 3080లో వాడిన జీడీడీఆర్6ఎక్స్ మెమరీ బాగా వేడెక్కే రకం. 110 డిగ్రీల దగ్గర తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. చాలా కార్డుల్లో చిప్ చల్లగా ఉన్నా మెమరీ ఆ హద్దుకి చేరితే ఫ్యాన్లు పరిగెత్తుతాయి. శాతం గంతులేయడానికి కనిపించని ఇంకో టెంపరేచర్ కారణం కావచ్చని పైన అన్నది దీన్ని గురించే. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ‘మెమరీ జంక్షన్’ అని ఉన్న వరస చూడండి. గేమ్‌లో 100 దాటుతుంటే థర్మల్ ప్యాడ్లు పనికిరాకుండా పోయినట్టే. 3060, 3070 లాంటి మామూలు జీడీడీఆర్6 కార్డుల్లో ఈ అంకె కనిపించదు, కాబట్టి వాళ్లకి ఈ పేరా వర్తించదు.

హాట్‌స్పాట్ అంటే చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు. దానికీ సగటుకీ 10 నుంచి 15 డిగ్రీల తేడా మామూలే. 25, 30 దాటితే చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య వేడిని అందించే పేస్ట్ పక్కలకి జారిపోయిందని అర్థం. దీనికి ఇంకో గుర్తు కూడా ఉంది: గేమ్ మొదలవగానే ఒకటి రెండు సెకన్లలోనే 45 నుంచి 70కి ఎగరడం. అంత పెద్ద లోహపు హీట్‌సింక్ రెండు సెకన్లలో వేడెక్కదు. వేడి దానిదాకా చేరడం లేదు కాబట్టే చిప్ అలా ఎగురుతుంది.

పేస్ట్, ప్యాడ్లు మార్చేముందు ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. సైడ్ ప్యానెల్ తీసేసి అదే గేమ్ అంతే సేపు ఆడండి. టెంపరేచర్లు ఎనిమిది, పది డిగ్రీలు పడిపోతే తప్పు కార్డుది కాదు, క్యాబినెట్‌లో గాలి ఆడకపోవడం. ముందువైపు మొత్తం గాజు ఉన్న క్యాబినెట్లు చూడ్డానికి బాగుంటాయి గానీ, 320 వాట్ల కార్డుకి అవి ఊపిరాడనివ్వవు. కంప్యూటర్ టేబుల్ కింద అరలో క్యాబినెట్ పెట్టి ఉంటే ఈరోజే బయటికి తీసి పెట్టండి, వెనక వదిలిన వేడి గాలినే మళ్లీ ముందు నుంచి పీల్చుకుంటోంది.

ప్యానెల్ తీసినా తేడా లేకపోతే విప్పాలి. కవర్‌ని ఒక్కసారిగా లాగకండి. ఫ్యాన్ వైర్లు, లైట్ల వైర్లు బోర్డుకి సన్నటి కనెక్టర్లతో ఉంటాయి, వైరు పట్టుకుని గుంజితే సాకెట్ బోర్డుతో సహా ఊడి వస్తుంది. ప్లాస్టిక్ మొనతో అటూ ఇటూ కదుపుతూ తీయండి. పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఎక్కువ తప్పులు జరిగేది థర్మల్ ప్యాడ్ల దగ్గర. వాటి మందం కార్డుకీ కార్డుకీ మారుతుంది, ఒకే కార్డులో కూడా మెమరీకి ఒక మందం, పవర్ భాగానికి ఇంకో మందం ఉంటుంది. అర మిల్లీమీటర్ ఎక్కువైనా హీట్‌సింక్ చిప్ మీద సరిగ్గా కూర్చోదు. అప్పుడు మెమరీ చల్లబడుతుంది, చిప్ విపరీతంగా వేడెక్కుతుంది. మీ కార్డు సరైన మందాలు తెలియకపోతే ప్యాడ్లకి బదులు థర్మల్ పుట్టీ వాడండి, అది నొక్కుకున్నంత మేర సర్దుకుంటుంది. చిప్ మీదకి పలచటి పేస్ట్ వద్దు, త్వరగా పక్కలకి జారిపోతుంది. చిక్కటి పేస్ట్ గానీ, పీటీఎం7950 లాంటి ఫేజ్ చేంజ్ షీటు (వేడికి మెత్తబడి సర్దుకునే పలచటి షీటు) గానీ వేయండి. చిప్ చుట్టూ ఉన్న నాలుగు స్క్రూలని ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రండి.

దుమ్ము దులిపానన్నారు కదా, బ్లోయర్‌తో కొట్టారా? ఆ గాలికి ఫ్యాన్ తన హద్దు దాటిన వేగంతో తిరిగిపోతుంది, బేరింగ్ పాడవుతుంది. ఇంకోసారి రెక్కల్ని వేలితో పట్టుకుని కొట్టండి. కవర్ విప్పినప్పుడు హీట్‌సింక్ రేకుల మధ్య చూడండి, పైకి శుభ్రంగా కనిపించినా ఫ్యాన్ వెనకాల దుమ్ము దళసరిగా చాపలా పేరుకుని ఉంటుంది.

ఎస్‌ఎంపీఎస్ సంగతి. ఇంట్లో వోల్టేజ్ హెచ్చుతగ్గులకి ఫ్యాన్లు ఊగుతాయని చాలామంది అనుకుంటారు. బయట 190 ఉన్నా 240 ఉన్నా మంచి ఎస్‌ఎంపీఎస్ లోపలికి ఇచ్చేది 12 వోల్టులే, అటూ ఇటూ 5 శాతం దాకా తేడా ఉండొచ్చు. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో కార్డుకి వచ్చే 12 వోల్టుల వరస గేమ్‌లో 11.4 కంటే దిగుతుంటే అప్పుడు అనుమానించండి. గేమ్ మధ్యలో తెర నల్లబడి, ఫ్యాన్లు నూరు శాతానికి లేచి, రీసెట్ కొట్టేదాకా అలాగే ఉండిపోవడం ఎప్పుడైనా జరిగిందా? జరిగితే అది వేరే కథ, అక్కడ పవర్ కేబుళ్లు, ఎస్‌ఎంపీఎస్, కార్డు మూడూ చూడాలి. మొదటి పని, ఒకే కేబుల్‌కున్న రెండు తలలు కాకుండా, కార్డులోని ఒక్కో సాకెట్‌కీ ఎస్‌ఎంపీఎస్ నుంచి విడి కేబుల్ వేయడం. మీరు రాసినదాంట్లో అలాంటి లక్షణం లేదు కాబట్టే ఎస్‌ఎంపీఎస్ జోలికి వెళ్లొద్దంటున్నాను.

ఇక కొత్త ఫ్యాన్లు వచ్చేలోపు. ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ని 80 శాతానికి దించండి. 320 వాట్ల కార్డు 256 దగ్గర ఆగుతుంది. ఎఫ్‌పీఎస్‌లో పోయేది చాలా గేముల్లో కొద్ది శాతమే, వేడిలో మాత్రం తేడా బాగా తెలుస్తుంది. మానిటర్ 144 హెర్ట్జ్ అయితే ఎఫ్‌పీఎస్‌ని కూడా అక్కడ కట్టేయండి, చూపించలేని ఫ్రేముల కోసం వేడెక్కడం ఎందుకు? ఫ్యాన్ వేగం 3000 నుంచి 2400కి దిగితే చప్పుడు సుమారు 5 డెసిబెల్స్ తగ్గుతుంది, చెవికి అది స్పష్టంగా తెలిసే తేడా.

ఒక ఫ్యాన్ చప్పుడు చేస్తూ తిరుగుతున్నంతకాలం ఇలా గేములు ఆడుకోవచ్చు. మూడింట్లో ఏదైనా పూర్తిగా ఆగిపోతే మాత్రం ఫ్యాన్లు మార్చేదాకా గేములు ఆపి, బ్రౌజింగ్, సినిమాల వరకే వాడండి. 3080లో మెమరీ చిప్‌లు ఆ ఫ్యాన్ కింద ఉంటే మిగతా రెండూ ఎంత వేగంగా తిరిగినా అక్కడి వేడిని పూర్తిగా లాగలేవు.